లెక్కల ప్రొఫెసర్ కావాలంటే: డిగ్రీ రెండో ఏడు నుంచి ఏం చేయాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

మీ తమ్ముడు వరంగల్‌లో బీఎస్సీ ఎంపీసీఎస్ రెండో ఏడు చదువుతున్నాడు, లెక్కల్లో చురుకు, యూనివర్సిటీ ప్రొఫెసర్ కావాలని పట్టుబడుతున్నాడు, ఇంట్లో మాత్రం బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. దారేమిటి, ఎన్నేళ్ళు పడుతుంది, జీతమెంత, క్లాసులు చెప్పడం కాక ఆ ఉద్యోగంలో ఇంకేముంటుంది అని అడిగారు. వివరంగానే చెప్తాను.

ముందు కాలం, డబ్బు సంగతి. అంతా సవ్యంగా సాగితే 21 ఏళ్ళకు డిగ్రీ, 23కి ఎమ్మెస్సీ, 28, 29కి పీహెచ్‌డీ. ఆ తర్వాత పోస్ట్‌డాక్ పేరుతో రెండు మూడేళ్ళ తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. అంటే పర్మనెంట్ ఉద్యోగం 30 దాటాకే. ఈ మాట ఇంట్లో ఇప్పుడే చెప్పేయండి, తర్వాత తెలిస్తే గొడవ పెద్దదవుతుంది. అయితే ఆ పదేళ్ళూ చేతిలో పైసా ఉండదనుకోవద్దు. నెట్ (అధ్యాపక అర్హతకు పెట్టే జాతీయ పరీక్ష) ద్వారా జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. ఉద్యోగంలో చేరాక యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 (లెవెల్ 10), అసోసియేట్ ప్రొఫెసర్‌కి 1,31,400 (లెవెల్ 13ఏ), ప్రొఫెసర్‌కి 1,44,200 (లెవెల్ 14). డీఏ, హెచ్‌ఆర్‌ఏ దానిపైన. పీహెచ్‌డీతో చేరినవాళ్ళకు లెవెల్ 10 నుంచి 11కి 4 ఏళ్ళు, 11 నుంచి 12కి 5 ఏళ్ళు, అక్కణ్ణుంచి అసోసియేట్‌కి 3 ఏళ్ళు, ప్రొఫెసర్‌కి మరో 3 ఏళ్ళు. మొత్తం 15 ఏళ్ళు. నేరుగా అసోసియేట్ పోస్టుకు పోటీపడాలంటే 8 ఏళ్ళ అనుభవం, 7 పేపర్లు కావాలి. ప్రొఫెసర్ పోస్టుకైతే 10 ఏళ్ళు, 10 పేపర్లు. ఐఐటీల స్కేళ్ళు వేరు. పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ళ అనుభవం ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి అక్కడ మూల వేతనం 1,01,500తో మొదలవుతుంది.

బీఈడీ స్కూలు టీచరు ఉద్యోగానికి కావలసిన చదువు. రెండేళ్ళు పడుతుంది, యూనివర్సిటీ పోస్టుకు దానితో పనిలేదు. ఇంట్లోవాళ్ళ భయం ఉద్యోగం గురించే అయితే ఈ దారిలోనూ మధ్యలో మెట్లున్నాయని చెప్పండి. ఎమ్మెస్సీ ఉంటే జూనియర్ లెక్చరర్ నోటిఫికేషన్లకు, 55 శాతంతో పాటు నెట్ గానీ సెట్ గానీ ఉంటే డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టులకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ సెట్‌ని ఆంధ్రా యూనివర్సిటీ, తెలంగాణ సెట్‌ని ఉస్మానియా నిర్వహిస్తాయి. నెట్ దేశమంతటా చెల్లుతుంది, సెట్ ఆ రాష్ట్రానికే. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు యూజీసీ పెట్టిన కనీస అర్హత నెట్ లేదా సెట్టే, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. కాగితం మీద అలా ఉన్నా, యూనివర్సిటీ ఇంటర్వ్యూలో పీహెచ్‌డీ లేనివాళ్ళు నెగ్గుకురావడం చాలా కష్టం.

ఈ అంకెలన్నీ నోటిఫికేషన్లలో దొరికేవే. అక్కడ దొరకని ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఇన్ని పరీక్షలు గట్టెక్కడం ఒక ఎత్తు, ఎవరి దగ్గర, ఏ విషయం మీద పీహెచ్‌డీ చేశాడన్నది ఒక్కటీ ఒక ఎత్తు. ముప్పై ఐదేళ్ళ ఉద్యోగంలో తను దేని గురించి ఆలోచిస్తాడు, ఎవరితో కలిసి పనిచేస్తాడు, ఏ సంస్థ తలుపు తెరుస్తుంది అన్నవన్నీ దాని మీదే ఆధారపడతాయి. మన పిల్లలు నెట్ కోసం రెండేళ్ళు కోచింగ్ తీసుకుంటారు, గైడ్‌ని మాత్రం రెండు రోజుల్లో తేల్చేస్తారు. అసలు నష్టం అక్కడే జరుగుతోంది.

ఇక డిగ్రీ దగ్గర నుంచి మొదలుపెడదాం. మన డిగ్రీ కాలేజీల్లో సిలబస్ మంచిదే. రియల్ అనాలిసిస్, గ్రూపులు, రింగులు, లీనియర్ ఆల్జీబ్రా అన్నీ ఉన్నాయి. చెడగొట్టేది ‘ఇంపార్టెంట్ క్వశ్చన్ల’ చదువు. పరీక్షలో అవే సిద్ధాంతాలు తిరిగి తిరిగి వస్తాయి కాబట్టి ఉపపత్తిని (ప్రూఫ్‌ని) పద్యంలా బట్టీపట్టి 80, 90 మార్కులు తెచ్చుకోవచ్చు. ఆ కుర్రాణ్ణే ఐఐటీ ఎమ్మెస్సీ క్లాసులో కూర్చోబెడితే మొదటి అసైన్‌మెంట్ దగ్గరే ఆగిపోతాడు, ఎందుకంటే అక్కడ ఇచ్చేది తను ఎప్పుడూ చూడని లెక్క.

మీ తమ్ముడికి ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఎక్స్ స్క్వేర్ అనే ఫంక్షన్ మొత్తం వాస్తవ సంఖ్యల మీద యూనిఫార్మ్‌లీ కంటిన్యుయస్ కాదని పుస్తకం చూడకుండా రుజువు చేయమనండి. బట్టీ చదువైతే నిర్వచనం రాసి ఆగిపోతాడు. అర్థమైనవాడు ముందు నిర్వచనాన్ని తిరగేస్తాడు: ఏదో ఒక ఎప్సిలాన్‌కి, ఎంత చిన్న డెల్టా ఇచ్చినా పనిచేయదని చూపాలి. ఎప్సిలాన్‌ని 1 అనుకుంటాడు. డెల్టా ఏదిచ్చినా సరే, ఎక్స్‌ని 1/డెల్టా అని, వైని దానికి డెల్టాలో సగం కలిపి తీసుకుంటాడు. రెండింటి మధ్య దూరం డెల్టాలో సగమే. వర్గాల తేడా మాత్రం 1 ప్లస్ డెల్టా స్క్వేర్ బై 4, అంటే 1 దాటింది. పని అయిపోయింది. ఇందులో మెచ్చుకోవలసింది 1/డెల్టా అని ఎంచుకోవాలని తట్టడం: వక్రరేఖ దూరం వెళ్ళేకొద్దీ నిటారుగా లేస్తుంది కనుక షరతు విరిగే చోటు దూరంలోనే దొరుకుతుందని గ్రహించడం. ఈ రకం ఆలోచన రోజుకో లెక్క చొప్పున రెండేళ్ళు సాగితే వేరే కోచింగ్ అక్కర్లేదు.

ఎలా చదవాలో కూడా చెప్తాను. సిద్ధాంతం చదివాక ఉపపత్తి మూసేసి తనే ప్రయత్నించాలి. అరగంట తర్వాత కూడా తట్టకపోతే మొదటి రెండు పంక్తులే చూసి మళ్ళీ మూయాలి. ఉపపత్తి పూర్తయ్యాక సిద్ధాంతంలోని షరతులు ఒక్కొక్కటీ తీసేసి, అప్పుడు ఎక్కడ విరుగుతుందో ఉదాహరణ వెతకాలి. ‘కాంపాక్ట్’ అన్న మాట తీసేస్తే ఏ ఫంక్షన్ దెబ్బకొడుతుంది? ‘ఫైనైట్’ తీసేస్తే ఏ గ్రూపు? అలా దొరికిన ప్రతి ప్రత్యుదాహరణా వేరే నోటుబుక్కులో రాసుకోవాలి. ఆ నోటుబుక్కు విలువ నెట్ పరీక్షలో తెలుస్తుంది.

డిగ్రీలో ఉండగానే దరఖాస్తు చేయవలసినవి రెండున్నాయి. మొదటిది ఎంటీటీఎస్ అనే లెక్కల వేసవి శిబిరం. 1993లో మొదలైంది. దాన్ని నిర్మించిన ఎస్. కుమరేశన్ గారు తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పనిచేశారు. వేసవిలో నాలుగు వారాలు. డిగ్రీ రెండో ఏడు వాళ్ళకు లెవెల్ 0, మూడో ఏడు వాళ్ళకు లెవెల్ 1, ఎమ్మెస్సీ మొదటి ఏడు వాళ్ళకు లెవెల్ 2. అక్కడ బోర్డు మీద రాసి వివరించి వెళ్ళిపోరు. ప్రశ్న మీద ప్రశ్న వేసి పిల్లల చేతే సిద్ధాంతం చెప్పిస్తారు. మన దగ్గర నోరు మెదపకుండా వినడం అలవాటైన పిల్లలు మొదటి వారం ఇబ్బంది పడతారు, రెండో వారానికి తేరుకుంటారు. తప్పు చెప్పినా ఎవరూ నవ్వరని అర్థమయ్యాక మార్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండోది మాధవ మ్యాథమెటిక్స్ కాంపిటీషన్, డిగ్రీ విద్యార్థుల కోసమే పెట్టింది. బహుమతి రాకపోయినా ఆ పాత ప్రశ్నపత్రాలు చేస్తే బాగా ఉపయోగపడతాయి.

ఎమ్మెస్సీకి తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రాలో పీజీసెట్ ఉన్నాయి. వాటిని వదలొద్దు, కానీ గురి జామ్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష మీద పెట్టుకోమనండి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి అదే తలుపు. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. నాలుగింటిలో ఒకటి ఎంచుకునేవి 30, ఒకటికి మించి సరైనవి ఉండగలవి 10, జవాబు అంకె వేయాల్సినవి 20. ఒకటే సరైన జవాబుండే ప్రశ్నల్లోనే తప్పుకు మార్కులు పోతాయి. ఇదికాక చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సొంత పరీక్షలు పెడతాయి. అక్కడ ఉపపత్తులు రాయాలి. మీ తమ్ముడు ఎక్స్ స్క్వేర్ లెక్క తనంతట తాను చేయగలిగితే ఆ పరీక్షలు తప్పకుండా రాయించండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీ హైదరాబాద్, తిరుపతి ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యాసంస్థ) తెలుగు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. ‘ఏ ఎమ్మెస్సీ అయితేనేం, సిలబస్ ఒకటే కదా’ అని కొందరంటారు. సిలబస్ ఒకటే కావచ్చు. చుట్టూ ఇరవై మంది రాత్రి పదింటికి కూడా లెక్కల గురించే వాదించుకునే చోట చదవడం, అలాంటివాళ్ళు ఒక్కరూ లేని చోట చదవడం ఒకటి కావు.

నెట్ విషయానికొస్తే మ్యాథమెటికల్ సైన్సెస్ పేపరు 200 మార్కులకు, మూడు గంటలు. పార్ట్ ఏలో 20 ప్రశ్నలకు 15 (ఒక్కోటి 2 మార్కులు), పార్ట్ బీలో 40కి 25 (3 మార్కులు), పార్ట్ సీలో 60కి 20 (4.75 మార్కులు). సీ భాగానికే 95 మార్కులు. దానిలో తప్పుకు కోత లేదు, కానీ సరైన ఆప్షన్లన్నీ పట్టుకుంటేనే మార్కులు, ఒక్కటి వదిలినా సున్నా. చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు. ‘బౌండెడ్ కంటిన్యుయస్ ఫంక్షన్ అయితే యూనిఫార్మ్‌లీ కంటిన్యుయస్’ అని కనిపిస్తే వినడానికి నిజంలా ఉంటుంది, టిక్కు పెట్టేస్తారు. సైన్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్ గుర్తొచ్చినవాడు పది సెకన్లలో కొట్టేస్తాడు. నేను చెప్పిన నోటుబుక్కు ఇందుకే. 60 ప్రశ్నలూ చదువుతూ కూర్చుంటే సమయం చాలదు. లీనియర్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్, కాంప్లెక్స్ అనాలిసిస్, ఆల్జీబ్రా గట్టిగా ఉంటే ఆ భాగాల నుంచే ఇరవై దొరుకుతాయి. జేఆర్ఎఫ్‌కి వయోపరిమితి 30 (రిజర్వేషన్ వర్గాలకు, మహిళలకు సడలింపు ఉంది). దీనితో పాటు నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మ్యాథమెటిక్స్ పీహెచ్‌డీ స్కాలర్‌షిప్ పరీక్ష, ముంబయి టీఐఎఫ్‌ఆర్ (టాటా పరిశోధన సంస్థ) ప్రవేశ పరీక్ష రాయాలి. ప్రశ్నలు నెట్‌కన్నా లోతుగా ఉంటాయి, పోటీ మాత్రం లక్షల్లో ఉండదు.

ఇప్పుడు గైడ్. ఒకరి దగ్గర చేరేముందు చూడాల్సినవన్నీ ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడొచ్చు. ముందు లెక్కల పేపర్ల వివరాలుండే జెడ్‌బీమ్యాథ్ ఓపెన్ సైటులో ఆయన పేరు కొట్టండి. 2021 నుంచి ఎవరైనా చూడొచ్చు. గత ఐదేళ్ళలో ఏం రాశారు, ఎక్కడ రాశారు, ఎవరితో రాశారు, ఇతరులు వాటిని వాడుకున్నారా? తర్వాత మన దేశపు థీసిస్‌లుండే శోధ్‌గంగ సైటులో ఆయన శిష్యుల థీసిస్‌లు రెండు దించి ముందుమాటలు పక్కపక్కన పెట్టి చదవండి. రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటే ఆలోచించుకోవాలి. మ్యాథమెటిక్స్ జీనియాలజీ ప్రాజెక్ట్‌లో శిష్యుల పేర్లు దొరుకుతాయి, వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో వెతకండి. యూజీసీ నిబంధన ప్రకారం ఒకేసారి ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మంది వరకు ఉండొచ్చు. రిటైర్మెంట్‌కి మూడేళ్ళలోపు ఉన్నవారు కొత్తవాళ్ళను తీసుకోకూడదు. ఎనిమిది మంది ఉన్న చోట వారానికి గంటైనా దొరుకుతుందా అని అక్కడి సీనియర్లను నేరుగా అడగాలి. పీహెచ్‌డీ కనీసం మూడేళ్ళు, గరిష్ఠం ఆరేళ్ళు అని 2022 నిబంధనలు చెప్తున్నాయి. లెక్కల్లో మంచి పనికి ఐదేళ్ళు పట్టడం మామూలే.

విషయం ఎంపిక గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. మన రాష్ట్రాల యూనివర్సిటీల్లో ‘నానోఫ్లూయిడ్ మీద అయస్కాంత క్షేత్ర ప్రభావం’ వంటి థీసిస్‌లు విపరీతంగా వస్తున్నాయి. తయారీ పద్ధతి ఒక్కటే. సాగే పలక మీద ప్రవాహానికి సమీకరణాలు రాస్తారు. సిమిలారిటీ ట్రాన్స్‌ఫర్మేషన్‌తో పాక్షిక అవకలన సమీకరణాలను సాధారణ అవకలన సమీకరణాలుగా మారుస్తారు. మ్యాట్‌ల్యాబ్‌లో బీవీపీ4సీ నడిపి గ్రాఫులు గీస్తారు. అయస్కాంత పరామితి పెంచితే వేగం తగ్గింది, ప్రాండ్ట్ల్ సంఖ్య పెంచితే ఉష్ణోగ్రత తగ్గింది అని రాస్తారు. తర్వాతి పేపర్లో పలక వంచుతారు, ఆ తర్వాతి దాంట్లో ఉష్ణ వికిరణం కలుపుతారు. ఏడాదికి నాలుగు పేపర్లు వస్తాయి. కానీ ఆ సమీకరణాలకు సాధన ఉందా, ఒక్కటే ఉందా, గణన విధానంలో దోషం ఎంత అనే ప్రశ్నలు ఎక్కడా ఉండవు. లెక్కలవాడు అడగవలసిన ప్రశ్నలు మాత్రం అవే. ఫలితం ఏమిటంటే, పేపర్లు ముప్పై ఉన్నా ఐఐటీ సెలక్షన్ కమిటీ ముందు ‘మీరు నిరూపించిన సిద్ధాంతం ఒకటి చెప్పండి’ అంటే చెప్పడానికేమీ ఉండదు. ఫిక్స్‌డ్ పాయింట్ సిద్ధాంతాల్లోనూ ఇదే జబ్బు ఉంది: కాంట్రాక్షన్ షరతును కొద్దిగా మార్చి కొత్త పేరు పెట్టడం, ఉదాహరణగా ఎక్కడా ఉపయోగం లేని ఒక ఫంక్షన్ చూపడం.

దీన్నిబట్టి ప్రవాహ గణితమే తక్కువ అనుకోవద్దు. నేవియర్ స్టోక్స్ సమీకరణాల సాధనలు ఎప్పుడూ నునుపుగా ఉంటాయా అన్నది 2000లో అమెరికాలోని క్లే గణిత సంస్థ ఒక్కోదానికి పది లక్షల డాలర్లు ప్రకటించిన ఏడు సమస్యల్లో ఒకటి. బెంగళూరులోని టీఐఎఫ్‌ఆర్ కేంద్రంలో పాక్షిక అవకలన సమీకరణాల మీద గట్టి పని జరుగుతుంది. అదే విషయం, అడిగే ప్రశ్నలు వేరు. మీ తమ్ముడు ఏ శాఖ తీసుకున్నా, ‘ఈ ప్రశ్నకు జవాబు దొరికితే ఇంకెవరికి పనికొస్తుంది?’ అని గైడ్‌ని అడగమనండి. మంచి గైడ్ ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

పైగా మొదట తీసుకున్న విషయంలోనే జీవితమంతా ఉండిపోరు. వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో పనిచేసిన మీనాక్షిసుందరం గారు ఫోరియర్ శ్రేణుల సంకలనీయతతో మొదలుపెట్టారు. మచిలీపట్నంలో పుట్టిన కొమరవోలు చంద్రశేఖరన్ గారితో కలిసి ఆ విషయం మీద పుస్తకం కూడా రాశారు. ఆ శ్రేణుల పరికరాలతోనే లాప్లేసియన్ ఐగెన్ విలువల వైపు మళ్ళి, 1949లో స్వీడన్‌కి చెందిన ప్లేయెల్‌తో రాసిన పేపరు జ్యామితిలో ఈరోజుకీ వాడుకలో ఉంది. అలాగే ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎంఏ చేసిన సి.ఆర్.రావు గారు గణాంకశాస్త్రానికి వెళ్ళి, 1945లో, పాతికేళ్ళ వయసులో, క్రామెర్ రావు అసమానతను ఇచ్చారు. ఆసక్తి ఇలా పక్క ప్రశ్నకు, ఆ పక్క ప్రశ్నకు పాకుతుంది. అలా పాకాలంటే మొదట నేర్చుకున్న పరికరం పదునైనదై ఉండాలి, పేపర్ల సంఖ్య దానికి పనికిరాదు. (మన నేలకు లెక్కల పరిశోధనతో ఉన్న బంధం ఇంకా పాతది. ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ 1907లో మొదలైంది, గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ చేతుల మీదుగా. రామానుజన్ మొదటి పేపరు 1911లో ఆ సొసైటీ పత్రికలోనే వచ్చింది.)

పేపరు రాయడం, ప్రచురించడం ఎలా ఉంటుందో తెలిస్తే ఉద్యోగం సగం అర్థమైనట్టే. సమస్య తీసుకున్నాక మొదట చిన్న సందర్భాలు చేతితో, తర్వాత సేజ్, గ్యాప్, పారీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో చేసి చూస్తారు. పది సందర్భాల్లో నిజమైతే నిరూపించడానికి కూర్చుంటారు, పదకొండో దాంట్లో విరిగితే ప్రశ్న మారుస్తారు. ఉపపత్తి దొరికాక వారం పక్కన పెట్టి, మళ్ళీ శత్రువు రాసినట్టు చదవాలి. ‘స్పష్టంగా’ అని రాసిన ప్రతి చోటా ఆగి ఆ మెట్టు పూర్తిగా రాసి చూడాలి. తప్పులు ఎక్కువగా దాక్కునేది ఆ మాట వెనకే. తర్వాత లెక్కల గుర్తులు టైపు చేయడానికి వాడే లేటెక్‌లో టైపు చేసి ఆర్కైవ్‌లో పెడతారు. జర్నల్లో రాకముందే పేపర్లు అందరికీ చూపే ఉచిత ప్రీప్రింట్ సైటు అది, 1991 నుంచి నడుస్తోంది. మొదటిసారి పెట్టేవాళ్ళకు అందులో ఇప్పటికే రాస్తున్న ఒకరి సిఫారసు కావాలి, సాధారణంగా గైడే చేస్తారు. ఆపైన ఒకే ఒక్క జర్నల్‌కి పంపాలి, ఒకేసారి రెండింటికి పంపడం నేరంతో సమానం. జవాబుకు ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి అంతకు మించి కూడా పడుతుంది. అందుకే పీహెచ్‌డీ నాలుగో ఏడాదికల్లా మొదటి పేపరు బయటికి వెళ్ళకపోతే ఉద్యోగ దరఖాస్తులో చూపడానికి అంగీకారం పొందిన పేపరు ఉండదు. ‘రెండు వారాల్లో అంగీకారం, ప్రచురణ ఫీజు ఇంత’ అని మెయిల్ వస్తే చెత్తబుట్టలో వేయండి. లెక్కల్లో పేరున్న చాలా జర్నళ్ళు చందా మీద నడుస్తాయి, రచయిత దగ్గర పైసా తీసుకోవు.

ఇక్కడ ఒక చిక్కుంది, చాలామందికి ఉద్యోగంలో చేరాక గానీ తెలియదు. లెక్కల్లో రచయితల పేర్లు అక్షర క్రమంలో వేస్తారు, ముందున్నవాడు ఎక్కువ చేశాడని కాదు. యూజీసీ 2018 నిబంధనల మార్కుల పట్టిక మాత్రం ప్రయోగశాల శాస్త్రాలను దృష్టిలో పెట్టుకుని తయారైంది. సైన్స్ పేపరుకు 8 మార్కులు. ఇద్దరు రాస్తే ఒక్కొక్కరికి 70 శాతం, అంటే 5.6. ముగ్గురు రాస్తే మొదటి రచయిత లేదా కరెస్పాండింగ్ రచయితకు (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపేవారికి) 70 శాతం, మిగతావాళ్ళకు 30 శాతం చొప్పున 2.4. ఇంటిపేరు ‘వై’తో మొదలయ్యే మనిషి జీవితంలో మొదటి రచయిత కాలేడు. కాబట్టి ముగ్గురు కలిసి రాసేటప్పుడు కరెస్పాండింగ్ రచయిత ఎవరో పంపకముందే మాట్లాడుకోవాలి, వంతులవారీగా ఉంచుకోవాలి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని (జర్నల్ పేపర్లను ఇతరులు ఎంత ఉదహరిస్తారో చెప్పే అంకెని) బట్టి కూడా మార్కులు పెరుగుతాయి, కానీ లెక్కల్లో గౌరవమున్న జర్నళ్ళు ఎన్నింటికో అది 1 లోపే ఉంటుంది. అసోసియేట్ పోస్టుకు రీసెర్చ్ స్కోరు 75, ప్రొఫెసర్‌కి 120 కావాలి. ఒక శిష్యుడికి పీహెచ్‌డీ వస్తే 10 మార్కులు. 2025 జనవరిలో యూజీసీ ఈ నియామక నిబంధనలను మార్చే ముసాయిదా విడుదల చేసింది, తను గుర్తించిన జర్నళ్ళ ‘కేర్’ జాబితాను అదే ఏడాది ఆపేసింది. కాబట్టి దరఖాస్తు చేసే రోజున ఆ నోటిఫికేషన్‌లోని పట్టికనే చూసుకోవాలి.

పోస్ట్‌డాక్ దశలో నేషనల్ బోర్డు ఫెలోషిప్, నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్, ఆయా సంస్థల సొంత ఫెలోషిప్పులు ఉన్నాయి. ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ అనే కేంద్ర ఫెలోషిప్ దొరికితే ఐదేళ్ళు నిశ్చింత. రాష్ట్ర యూనివర్సిటీలనే నమ్ముకుంటే మాత్రం ప్రమాదం. రెగ్యులర్ నోటిఫికేషన్లు ఏళ్ళ తరబడి రావు, వచ్చినా కోర్టుల్లో ఆగుతాయి, కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులతో డిపార్ట్‌మెంట్లు నడుస్తుంటాయి. వారానికి ఇరవై గంటలు చెప్పే కాంట్రాక్టు ఉద్యోగంలో ముప్పై ఏళ్ళకే చిక్కుకుంటే పరిశోధన ఆగిపోతుంది, ఆగిన పరిశోధనతో రెగ్యులర్ పోస్టు రాదు. దానికన్నా ఇతర రాష్ట్రాల ఐఐటీ, ఐసర్, ఎన్ఐటీ, సెంట్రల్ యూనివర్సిటీలకు దరఖాస్తు చేయడం మేలు. అక్కడ పరిశోధన ప్రణాళిక, సిఫారసు లేఖలు, గంటసేపు సెమినార్ చూస్తారు. సెమినార్లో చేసే పెద్ద పొరపాటు మొదటి స్లైడు నుంచే తన లెమ్మాలు (సిద్ధాంతానికి ముందు నిరూపించే చిన్న ఫలితాలు) చెప్పడం. హాల్లో సగం మంది వేరే శాఖలవాళ్ళు. మొదటి పావుగంట ప్రశ్న ఏమిటో, ఎందుకో ఎమ్మెస్సీ విద్యార్థికి చెప్పినట్టు చెప్పాలి.

అమెరికా పీహెచ్‌డీ గురించి కూడా అడుగుతారు కాబట్టి క్లుప్తంగా: ఐదారేళ్ళు, టీచింగ్ అసిస్టెంట్‌గా పనిచేస్తే ఫీజు పోగా ఖర్చులకు డబ్బిస్తారు, మొదటి రెండేళ్ళలో క్వాలిఫయింగ్ పరీక్షలు దాటాలి. ఎంఎస్‌లో చేరి లక్షలు అప్పుచేయాల్సిన దారి కాదిది, నేరుగా పీహెచ్‌డీకే దరఖాస్తు చేయాలి. తర్వాత పోస్ట్‌డాక్, ఆపైన టెన్యూర్ ట్రాక్ ఉద్యోగం, దాన్ని పర్మనెంట్ చేయాలా వద్దా అన్నదాని మీద ఆరేళ్ళకు తీర్పు.

ఉద్యోగంలో రోజెలా గడుస్తుందంటే, నిబంధన ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన, పై హోదాల్లో 14. ఒక కొత్త కోర్సు గంట చెప్పడానికి మూడు గంటలైనా తయారవ్వాలి. ప్రశ్నపత్రాలు, వాల్యుయేషన్, బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ కమిటీ), నాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైళ్ళు అదనం. ఇంకో పని బయటివాళ్ళకు కనిపించదు: ఇతరుల పేపర్లను జర్నల్ కోసం పరిశీలించడం. జీతం లేదు, పేరు బయటికి రాదు. నలభై పేజీల పేపర్లో ప్రతి లెమ్మా పంక్తి పంక్తీ చూసి, ఎక్కడ సందేహమో పేజీ, వరుసతో సహా రాయాలి. నిజాయితీగా చేస్తే వారాలు పడుతుంది. లెక్కల మీద జనానికున్న నమ్మకం ఆ పని మీదే నిలబడి ఉంది. వీటన్నిటి మధ్య పరిశోధన బతకాలంటే రోజూ ఒకే సమయానికి రెండు గంటలు కేటాయించుకోవాలి. ఆర్కైవ్‌లో కొత్త పేపర్ల జాబితా మన టైములో సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 5:30కి, అమెరికాలో చలికాలపు టైము నడిచేటప్పుడు 6:30కి వస్తుంది. చాలామంది ప్రొఫెసర్ల రోజు దాన్ని చదవడంతోనే మొదలవుతుంది. గ్రాంటు అంటే భయపడక్కర్లేదు. లెక్కల పరిశోధన కోసం కేంద్రం పెట్టిన మ్యాట్రిక్స్ పథకంలో ఏడాదికి 2 లక్షల చొప్పున మూడేళ్ళు ఇస్తారు. లెక్కలకు పరికరాలు అక్కర్లేదు, సహ రచయిత ఉన్న ఊరికి వెళ్ళి పది రోజులు కలిసి బోర్డు ముందు నిలబడగలిగితే చాలు. దానికి ఆ డబ్బు సరిపోతుంది.

ఇక ఈ ఏడాది మీ తమ్ముడు చేయాల్సింది. ఎంటీటీఎస్ వెబ్‌సైటులో దరఖాస్తు తేదీ చూసి పెట్టుకోవాలి. దానికి తన కాలేజీ లెక్చరర్ ఒకరి సిఫారసు కావాలి. తేదీ దగ్గరపడ్డాక వెళ్ళి సంతకం అడిగితే ‘మంచి విద్యార్థి, క్రమశిక్షణ ఉంది’ అని రెండు ముక్కలు రాస్తారు, దానితో ఉపయోగం లేదు. ఇప్పటినుంచే ఆ సార్ దగ్గరకు వారానికోసారి తను సొంతంగా చేసిన లెక్క ఒకటి తీసుకెళ్ళి చూపించమనండి. కాలేజీలో అంత సమయమిచ్చే లెక్చరర్లు తప్పకుండా ఒకరైనా ఉంటారు, అడిగేవాళ్ళే ఉండరు. దరఖాస్తు వేళకు ఆయన ‘ఈ లెక్కను ఇతను ఇలా ఆలోచించాడు’ అని రాయగలగాలి. ఎంపిక చేసేవాళ్ళు వెతికేది ఆ ఒక్క వాక్యం కోసమే.